స్విఫ్ట్‌కి సూపర్‌ఛార్జర్ పెడుతున్నారా? ముందు పెట్రోలు లెక్క తేల్చుకోండి

విశాఖ మద్దిలపాలెం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బండి 2008 స్విఫ్ట్ 1.3 పెట్రోలు. పాత మినీ కూపర్ ఎస్‌లోంచి తీసిన ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్ (బెల్టుతో తిరిగి ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో తోసే బ్లోయర్) ఒకటి దొరికింది. 6 పీఎస్ఐ బూస్టు (బయటి గాలి కంటే అంత ఎక్కువ ఒత్తిడి) పెడదామని ఆలోచన. మెకానిక్ ఏమో "ఇంజెక్టర్లు మార్చక్కర్లేదు, ఒక ఎఫ్ఎంయూ తగిలిస్తే పెట్రోలు ప్రెషర్ పెరిగి అదే సర్దుకుంటుంది" అంటున్నాడు. స్నేహితుడేమో "550 సీసీ ఇంజెక్టర్లు, గంటకి 255 లీటర్ల పంపు వేసెయ్, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వద్దు. మీ 6 పీఎస్ఐకి కావలసింది నిమిషానికి 280 నుంచి 300 సీసీ మధ్య పెట్రోలు చల్లే ఇంజెక్టర్లు, బూస్టు చదవగలిగే మ్యాప్ సెన్సర్ (ఇంజిన్లోకి వెళ్ళే గాలి ఒత్తిడి చూసేది), ఆ సెన్సర్ మాట వినే ఈసీయూ (ఇంజిన్ని నడిపే కంప్యూటర్), గాలి-పెట్రోలు మిక్స్చర్ ఎంతలో ఉందో అంకెల్లో చూపే ఒక వైడ్‌బ్యాండ్ మీటరు. పంపు బహుశా మార్చక్కర్లేదు, కానీ దానికి వెళ్ళే కరెంటు మాత్రం తప్పకుండా చూసుకోవాలి. వీటన్నిటికీ ఒకేసారి డబ్బు కుదరకపోతే ముందు వైడ్‌బ్యాండ్ కొనండి, సూపర్‌ఛార్జర్‌ని షెడ్డులో గోనె కప్పి ఉంచండి.

గాజువాక ఆటోనగర్లో ఇంజెక్షన్ పని చేస్తూ ఇరవై ఏళ్ళు దాటింది. సూపర్‌ఛార్జర్ పెట్టిన బళ్ళు నా చేతి మీదుగా వెళ్ళినవి ఏడు. మొదటిది నా సొంత బండే. దాని ఇంజిన్ పాడు చేసిందీ నేనే. ఆ సంగతి కిందన చెప్తాను.

కంపెనీ ఈసీయూకి బూస్టు కనపడదు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మీ స్విఫ్ట్ ఈసీయూ ఇంజిన్లోకి ఎంత గాలి వెళ్ళిందో నేరుగా కొలవదు. మానిఫోల్డులో (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో) ఒత్తిడి ఎంత, ఆర్‌పీఎం ఎంత, గాలి వేడి ఎంత అని చూసి లెక్క కడుతుంది. సూపర్‌ఛార్జర్ లేని ఇంజిన్లో మానిఫోల్డు ఒత్తిడి బయటి గాలిని మించదు, అంటే సుమారు 100 కిలోపాస్కల్. కాబట్టి కంపెనీ ఇచ్చిన మ్యాప్ సెన్సర్ కూడా అంతకంటే కాస్త పైకి చదివి ఆగిపోతుంది. 6 పీఎస్ఐ బూస్టు అంటే మానిఫోల్డులో 140 కిలోపాస్కల్. ఈసీయూకి మాత్రం 100 దగ్గరే ముల్లు ఆగినట్టు కనిపిస్తుంది. లోపల దాదాపు నలభై శాతం ఎక్కువ గాలి ఉంటే, పాత లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తుంది.

"ఆక్సిజన్ సెన్సర్ ఉంది కదా, అది చూసి సర్దుకోదా?" అని చాలామంది అడుగుతారు. మామూలుగా నడిపేటప్పుడు సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఈసీయూ ఆ సెన్సర్ మాట వినడం మానేసి, లోపల రాసి ఉన్న టేబుల్ ప్రకారం పోతుంది. పైగా కంపెనీ సెన్సర్ నారోబ్యాండ్. మిక్స్చర్ రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉందా లీన్‌గా (తక్కువగా) ఉందా అని చెప్తుందే తప్ప ఎంత అని చెప్పలేదు. మనకి కావలసింది ఆ "ఎంత" అన్నదే.

ఇంజెక్టర్ లెక్క

బండి కంపెనీ లెక్క ప్రకారం 87 హార్స్ పవర్. 6 పీఎస్ఐతో, బ్లోయర్ని తిప్పడానికి పోయింది పోగా 115 వస్తుందనుకుందాం. సూపర్‌ఛార్జర్ ఇంజిన్ ఒక హార్స్ పవర్‌కి గంటకి సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుంది. మామూలు ఇంజిన్‌కి 225 చాలు. బ్లోయర్ని తిప్పే శక్తి కూడా పెట్రోలులోంచే రావాలి, మిక్స్చర్ రిచ్‌గా పెట్టాలి, తేడా అందుకే.

115ని 270తో గుణిస్తే గంటకి 31 కిలోలు. లీటరుకి 740 గ్రాముల చొప్పున 42 లీటర్లు, అంటే నిమిషానికి 700 సీసీ. నాలుగు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోదానికి 175. ఇంజెక్టర్ని నూరు శాతం తెరిచి ఉంచకూడదు. 80 శాతం దగ్గర ఆపాలి కాబట్టి 218. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అందులో ఇథనాల్‌కి పెట్రోలుతో పోలిస్తే మూడోవంతు శక్తి తక్కువ, కాబట్టి ఇంకో ఏడు శాతం కలపండి: 234. వేసవికి, పంపు ముసలితనానికి, రేపు మీరు బూస్టు పెంచడానికి బ్లోయర్ పుల్లీ చిన్నది చేస్తారన్న నా అనుమానానికి కాస్త వదిలితే 280 నుంచి 300.

ఆ 80 శాతం ఎందుకంటే, 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక సిలిండర్‌కి పని చుట్టు మొత్తం 20 మిల్లీసెకన్లలో అయిపోతుంది. 80 శాతం అంటే 16. ఇంజెక్టర్ తెరుచుకోవడానికే దాదాపు ఒక మిల్లీసెకను పోతుంది, మూసుకోవడానికీ కొంత కావాలి. 90 దాటాక అది మూసుకునే లోపే మళ్ళీ తెరవమని ఆర్డర్ వస్తుంది. అక్కడి నుంచి ఎంత పెట్రోలు పడుతుందో చెప్పడం ఎవరి వల్లా కాదు.

మరి 550 ఎందుకు వద్దు? పైన సరిపోతుంది, కింద చంపుతుంది. ఐడిల్లో (బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) కంపెనీ ఇంజెక్టర్ నిజంగా పెట్రోలు చల్లే సమయం ఒకటిన్నర మిల్లీసెకన్లు అనుకోండి. నాలుగింతల పెద్దది పెడితే ఆ సమయం ఒక మిల్లీసెకనులో మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. అంత చిన్న సమయంలో చాలా ఇంజెక్టర్లు ఒకసారి చల్లినట్టు ఇంకోసారి చల్లవు. జగదాంబ దగ్గర సిగ్నల్లో ఏసీ వేసుకుని నిలబడితే బండి ఊగుతూ ఆగిపోతుంది. బీచ్ రోడ్డులో తిరిగే బండికి అది పెద్ద శిక్ష.

ఇంజెక్టర్లు ఎక్కడ కొన్నా సరే బిగించే ముందు టెస్టు మిషను మీద పెట్టించండి. ఇంజెక్టర్ క్లీనింగ్ చేసే షాపుల్లో నాలుగు గాజు గొట్టాల మిషను ఉంటుంది, చూసే ఉంటారు. రెండేళ్ళ కిందట ఒక కుర్రాడు ఆన్‌లైన్లో కొన్న 360 సీసీ సెట్టు తెచ్చాడు. పెట్టె మీద హోలోగ్రామ్ స్టిక్కరు, అన్నీ ఉన్నాయి. 3 బార్ (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ) మీద పదిహేను సెకన్లు పూర్తిగా తెరిచి వదిలాం. మొదటి గొట్టంలో 88, రెండో దాంట్లో 90, మూడులో 89. నాలుగో గొట్టం 77 దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి వేశాం, మళ్ళీ 77. అంటే నాలుగో సిలిండర్‌కి పదమూడు శాతం పెట్రోలు తక్కువ. వైడ్‌బ్యాండ్ మీటరు దీన్ని పట్టుకోదు, ఎందుకంటే అది నాలుగు సిలిండర్ల పొగ కలిసిన చోట సగటు చూస్తుంది. మీటరులో అంతా బాగానే కనిపిస్తుంది, నాలుగో పిస్టన్ కరుగుతూ ఉంటుంది.

ఎఫ్ఎంయూ ఎందుకు వద్దంటున్నాను

ఎఫ్ఎంయూ అంటే బూస్టు పెరిగే కొద్దీ రైల్లో (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో) పెట్రోలు ప్రెషర్‌ని అంతకు ఎన్నో రెట్లు పెంచే రెగ్యులేటర్. ఈసీయూని ముట్టుకునే వీలు లేని రోజుల్లో అదో ఉపాయం, దాన్ని తప్పు పట్టను. కానీ ఇంజెక్టర్‌లోంచి వచ్చే పెట్రోలు ప్రెషర్‌తో సమంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. ప్రెషర్ రెట్టింపైతే పెట్రోలు నలభై శాతమే పెరుగుతుంది. 10:1 ఎఫ్ఎంయూ 6 పీఎస్ఐ బూస్టుకి 60 పీఎస్ఐ పైన కలుపుతుంది. 3 బార్ ఉండే రైలు 7 బార్‌కి ఎక్కాలి. కాగితం మీద యాభై శాతం దాకా ఎక్కువ పెట్రోలు వస్తుంది. కానీ ప్రెషర్ పెరిగే కొద్దీ పంపు పోసేది తగ్గుతుంది, ఇంకా పైకి వెళ్తే పంపులోనే ఉండే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. పెట్రోలు ఎక్కువ కావలసిన క్షణంలోనే పంపు చేతులెత్తేస్తుంది. 2008 నాటి రబ్బరు పైపుల మీద 7 బార్ అంటే మంటల సంగతి కూడా ఆలోచించాలి.

నా పద్ధతి ఒకటే: ప్రెషర్‌ని కదలకుండా నిలబెట్టండి, పెట్రోలు పెంచడం ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయంతో చెయ్యండి.

రిటర్న్ పైపు లేని ట్యాంకు

ఇంజిన్ దగ్గర రెగ్యులేటర్, ట్యాంకుకి తిరిగొచ్చే పైపు కనపడకపోతే మీది రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉన్న రకం. అది బయటి గాలితో పోల్చి 3 బార్ పట్టి ఉంచుతుందనుకోండి. ఇంజెక్టర్ ముక్కు ఉన్నది మానిఫోల్డులో. అక్కడ 0.4 బార్ బూస్టు ఎదురు తోస్తుంటే మిగిలే తేడా 2.6. దాంతో పెట్రోలు ఏడు శాతం తగ్గుతుంది.

దీనికోసం ట్యాంకు దించి, రిటర్న్ పైపు వేసి, బూస్టుకి కలిపిన 1:1 రెగ్యులేటర్ (బూస్టు ఎంత పెరిగితే పెట్రోలు ప్రెషర్ అంతే పెంచేది) పెట్టేవాళ్ళున్నారు. పని శుభ్రంగా చేస్తే అదే మంచి పద్ధతి. కానీ 6 పీఎస్ఐ కోసం నేనైతే ట్యాంకు జోలికి వెళ్ళను. ఆ ఏడు శాతం ఎంతో తెలుసు, ఎప్పుడు వస్తుందో తెలుసు. ఈసీయూలో ఆ మేరకు టేబుల్ పెంచితే సరిపోతుంది. 9, 10 పీఎస్ఐకి వెళ్తే అప్పుడు రిటర్న్ వెయ్యాల్సిందే.

పంపు, దాని కరెంటు: నా ఇంజిన్ పోయిన కథ

పంపు లెక్క సులువు. గంటకి 42 లీటర్లు, ఈ20కి ఏడు శాతం కలిపితే 45. మూడోవంతు పైన ఉంచుకుంటే 60 లీటర్లు. అంటే అర నిమిషంలో అర లీటరు. పైపు విప్పి డబ్బాలోకి వదిలి కొలవడం కాదు, ప్రెషర్ లేకుండా ఏ పంపైనా బాగానే పోస్తుంది. గేజ్, చిన్న వాల్వు పెట్టి 2.8 బార్ దగ్గర పట్టి కొలవాలి. ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని చెయ్యండి. అర లీటరు వచ్చిందా, ఆ పంపునే ఉంచుకోండి. 255 వేస్తే అది లాగే కరెంటుకి పాత వైరు వేడెక్కుతుంది, ట్యాంకులోని చిన్న రెగ్యులేటర్ మిగులు పెట్రోలుని వదల్లేక ఐడిల్లో ప్రెషర్ పెరుగుతుంది.

ఇప్పుడు నా కథ. బండి ఎస్టీమ్. 5 పీఎస్ఐ, ఎఫ్ఎంయూ, వైడ్‌బ్యాండ్ లేదు, ప్రెషర్ గేజ్ అసలే లేదు. రెండు నెలలు బ్రహ్మాండంగా తిరిగింది. ఒక ఆదివారం పొద్దున్న భీమిలి నుంచి వస్తూ రుషికొండ దాటాక నాలుగో గేరులో గట్టిగా తొక్కాను. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఒక చప్పుడు, రెండు సెకన్లు. కాలు తీసేలోపే పికప్ పోయింది, వెనక నీలం పొగ. హెడ్డు విప్పి చూస్తే మూడో పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగి ఉంది.

బూస్టుదే తప్పని ఆర్నెల్లు అనుకున్నాను. ఇంజిన్ మళ్ళీ కట్టాక, ఎందుకో ఒక రోజు ఇంజిన్ నడుస్తుండగా పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర 13.9 ఉంది, పంపు దగ్గర 11.1. వెనక సీటు లేపి, కార్పెట్ పీకి, బాడీ ఎర్త్ బోల్టు వెతికితే ఆకుపచ్చ పొడి పట్టేసి ఉంది. అప్పట్లో మా ఇల్లు పెదవాల్తేరు, బండి రాత్రంతా సముద్రపు గాలికి బయటే ఉండేది. ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త లగ్గు వేసి బిగిస్తే 13.3 వచ్చింది. ఐదు నిమిషాల పని. ఆ రెండు వోల్టులు లేక పంపు నీరసంగా తిరుగుతూ, ఎఫ్ఎంయూ అడిగిన ప్రెషర్ ఇవ్వలేకపోయింది, పెట్రోలు చాలక పిస్టన్ పోయింది.

కాబట్టి విశాఖ బళ్ళకి నా మొదటి పని ఇదే. బ్యాటరీ నుంచి రిలే, ఫ్యూజు పెట్టి పంపుకి నేరుగా మందపాటి వైరు, కొత్త ఎర్త్. బ్యాటరీకి, పంపుకి మధ్య అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. రిలేని ఆన్ చేసేది మాత్రం పాత పంపు వైరే కావాలి. లేకపోతే యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగినా పంపు ఆగదు.

మ్యాప్ సెన్సర్ పైపు ఎక్కడ గుచ్చారో చూసుకోండి

ఇది చిన్న విషయమే, కానీ రెండు బళ్ళలో చూశాను. ఎం45 పెట్టేవాళ్ళు త్రాటిల్‌ని (యాక్సిలరేటర్ తొక్కితే గాలికి దారి తెరిచే వాల్వుని) బ్లోయర్ ముందు పెడతారు. త్రాటిల్ బాడీ మీద ఒక నిపుల్ ఖాళీగా ఉంటుంది, చేతికి అందుతుంది కదా అని మ్యాప్ సెన్సర్ పైపు దానికి గుచ్చేస్తారు. అక్కడ వాక్యూమ్ తప్ప బూస్టు ఎప్పటికీ రాదు. ఎంత ఖరీదైన ఈసీయూ పెట్టినా దానికి బూస్టు కనపడదు. పైపు బ్లోయర్ దాటాక, మానిఫోల్డు నుంచే రావాలి. రెండు చివర్లా క్లిప్పు వెయ్యండి, వాక్యూమ్‌లో అతుక్కుని ఉండే పైపు బూస్టుకి ఊడిపోతుంది.

గాలి వేడి చూసే సెన్సర్ కూడా బ్లోయర్ తర్వాతికి మార్చండి. ఎయిర్ ఫిల్టర్ దగ్గరే వదిలేస్తే గాలి చల్లగా ఉందనుకుని ఈసీయూ కాస్త ఎక్కువ పెట్రోలే పోస్తుంది, అది కాదు భయం. వేడి గాలికి ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎంత ముందు పడాలన్నది) తగ్గించాలని దానికి తెలియదు. మే నెలలో, ఇంటర్‌కూలర్ లేకుండా, అది చాలా దూరం పోయే సంగతి.

ఎం45 ఒక చుట్టుకి దాదాపు 737 సీసీ గాలి తోస్తుంది. మినీది 1600 ఇంజిన్, మీది 1300. అక్కడ తిరిగిన వేగంతోనే ఇక్కడా తిప్పితే బూస్టు అక్కడికంటే ఎక్కువ వస్తుంది. "6 పీఎస్ఐ పుల్లీ" అని ఎవరో చెప్పిన మాట నమ్మకండి, గేజ్‌లో చూడండి. పైన వేసిన లెక్కంతా నిజంగా 6 అయితేనే చెల్లుతుంది.

ఈసీయూ, ట్యూనింగ్

పిగ్గీబ్యాకా (కంపెనీ ఈసీయూకి తోడుగా తగిలించేది), స్టాండలోనా (దాని బదులు పెట్టేది) అన్నది డబ్బు ప్రశ్న. సెన్సర్ సిగ్నల్‌ని మార్చి కంపెనీ ఈసీయూని మోసం చేసే రకం పిగ్గీబ్యాక్ వద్దు. పెట్టిన కొన్నాళ్ళకి ఈసీయూ తన ట్రిమ్‌లతో (ఆక్సిజన్ సెన్సర్ చూసి తనే చేసుకునే సవరణలతో) ఆ మోసాన్ని సరిదిద్దేసుకుంటుంది. ఇంజెక్టర్లనీ టైమింగ్‌నీ తనే నడిపే రకం అయితే ఏదైనా సరే.

ముందు బ్లోయర్ బెల్టు తీసేసి, గాలి బ్లోయర్ని తప్పించుకుని వెళ్ళే బైపాస్ తెరిచి, కొత్త ఇంజెక్టర్లతో ఐడిల్, మామూలు నడక కుదర్చండి. ఇంజెక్టర్‌తో పాటు వోల్టేజీని బట్టి అది ఎంత ఆలస్యంగా తెరుచుకుంటుందో చెప్పే పట్టిక రావాలి. అది ఇవ్వని ఇంజెక్టర్లు కొనకండి. ఆ పట్టిక తప్పయితే హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ఐడిల్ మారుతుంది. అది కుదిరాక పెద్ద పుల్లీతో 3 పీఎస్ఐ, తర్వాతే 6.

బూస్టులో లాంబ్డా (1 అంటే సరిసమానమైన మిక్స్చర్, తగ్గే కొద్దీ రిచ్) 0.78 నుంచి 0.82 మధ్య ఉంచుతాను. 0.88 దాటితే కాలు తీసెయ్యడమే, రెండో ఆలోచన లేదు. 14.7, 12.5 అనే ఏఎఫ్ఆర్ (పెట్రోలుకి గాలి ఎన్ని రెట్లు అన్న నిష్పత్తి) అంకెలు వదిలేసి లాంబ్డాలోనే మాట్లాడండి. ఈ20కి 14.7 అసలు వర్తించదు, మీటరు మాత్రం పాత పెట్రోలు లెక్కలోనే చూపిస్తుంది. టైమింగ్ ఒక పీఎస్ఐకి ఒక డిగ్రీ చొప్పున తగ్గించి మొదలుపెట్టండి. పెట్రోలు 95 లేదా 100 ఆక్టేన్ పోయించండి. 2008 బండికి రబ్బరు పైపులు, ఓ-రింగులు ఈ20కి తట్టుకునేవి మార్చుకోండి, ఇవి ఇథనాల్ ఇంతగా కలవక ముందు తయారైన బళ్ళు.

నడుపుతూ లాప్‌టాప్ చూడొద్దు. డైనో (బండిని నిలబెట్టి చక్రాలు తిప్పి పవర్ కొలిచే మిషను) దొరికితే దాని మీదే చెయ్యండి. పెట్రోలు పైపుతో ఉండే ముల్లు గేజ్‌ని బండి లోపలికి తేవద్దు, ఎలక్ట్రిక్ సెన్సర్ పెట్టి ప్రెషర్‌ని లాగ్‌లో చూడండి. లాగ్ మామూలు రోడ్డుదే కాదు, మలుపులది కూడా కావాలి. నా దగ్గర చేయించిన ఒక బండి ఊళ్ళో ఎక్కడా తేడా చూపించలేదు. అరకు ఘాట్ ఎక్కుతుంటే ఎడమ మలుపుల్లో ఒక్కో సెకను ప్రెషర్ 3 నుంచి 1.8కి పడిపోయింది. ట్యాంకులో పావు వంతే ఉంది, మలుపులో పెట్రోలు ఒక పక్కకి పోతే పంపు గాలి పీలుస్తోంది. సగం ట్యాంకు పోయించి అదే ఘాట్ ఎక్కిస్తే గీత కదల్లేదు. బూస్టు బళ్ళకి అప్పటి నుంచి ప్రెషర్ 2.5 కిందకి పడితే ఇంజిన్ కట్ అయ్యేలా ఈసీయూలో పెడుతున్నాను.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండి మార్చడం కుదరదు, ఇన్సూరెన్సు క్లెయిమ్‌లోనూ పేచీ వస్తుంది. నేను చేసిన ఏడింటిలో నాలుగు ట్రాక్ కోసం కట్టినవే.

ఈ వారం రెండు పనులు చెయ్యండి. హెడ్‌లైట్లు, ఏసీ, ఏసీ ఫ్యాను అన్నీ వేసి పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూడండి. 2.8 బార్ దగ్గర అర నిమిషంలో ఎంత పెట్రోలు వచ్చిందో కొలవండి. ఆ రెండు అంకెలూ, మీ క్రాంక్ పుల్లీ వ్యాసమూ ఇక్కడ రాస్తే బ్లోయర్‌కి ఏ సైజు పుల్లీ పెట్టాలో లెక్క వేసి చెప్తాను.